అమీనా సమాధానం రాసిన షరా

కావలి మునసబు కోర్టులో ఇరవై ఆరేళ్ల పాటు సమన్లు మోసిన సమాధానం అనే అమీనాకు రాతలో ఒక పట్టింపు ఉండేది. కాగితాన్ని ఎవరికి, ఎక్కడ, ఎట్లా అందజేశాడో దాని వెనుక రాసి సంతకం చేయడం అమీనా విధి. ఆ రాతనే షరా అంటారు. తక్కిన అమీనాలు ‘ముట్టినది’ అని ఒక్క మాట గీకి చేతులు దులుపుకొనేవారు. సమాధానానికి ఆ మాట గొంతు దిగేది కాదు. చిన్ననాడు మిషను బడిలో యెహోషువ పంతులు గారు అతనికి వాక్యం కట్టడం నేర్పారు. ఆ పంతులు గారు పలక మీద అక్షరం వంకరపోతే ఊరుకునేవారు గాని, చేసినవాడెవడో తెలియని వాక్యాన్ని మాత్రం తుడిపించి తిరిగి రాయించేవారు. నేటి బళ్లలో అంత ఓపిక ఎవరికున్నది! ఆ శిక్షణ వల్ల సమాధానం షరాలో తలుపు తెరిచి ఉన్నదీ లేనిదీ, అరుగు మీద ఎవరున్నదీ, వారేమన్నదీ అన్నీ వరుసగా ఉండేవి.

“సమాధానం షరా విప్పినామంటే మధ్యాహ్నం భోజనానికి లేచినట్టే” అని గుమాస్తాలు నవ్వుకునేవారు. అతడూ నవ్వేవాడు, తన రాత మార్చుకునేవాడు కాదు.

1959 వేసవిలో ఆ కోర్టుకు ఒక దావా వచ్చింది. గూడూరు తాలూకాలో సముద్రం అంచున ఒక ఉప్పుకొటార్ల ఊరున్నది. అక్కడ నలభై కుటుంబాలు తరతరాలుగా ఉప్పు పండిస్తున్న మళ్లను ఖాళీ చేయించాలని ఒక మద్రాసు ఉప్పు కంపెనీ వేసిన దావా అది. అంతకుముందు ఇటువంటివే రెండు దావాలను గూడూరు మునసబు కొట్టివేశాడు. అందుచేత కంపెనీ మూడోసారి గూడూరు గడప తొక్కలేదు. రెండేళ్ల నాడు కావలిలోని తమ శాఖ కార్యాలయంలో మళ్లు ఖాళీ చేస్తామన్న ఒప్పందం మీద ఆ కుటుంబాలు వేలిముద్రలు వేశాయని, కనుక విచారణ కావలిలోనే జరగాలని దావాలో రాయించింది.

వాయిదా పడినప్పుడల్లా ఆ జనం గూడూరు దాకా నడిచి, రైలెక్కి, నెల్లూరు దాటి కావలికి రావలసి వచ్చేది. పోను రాను రెండు రోజులు. ఉప్పు తేలిన మడిని ఆ పూట గీసి గట్టున పొయ్యకపోతే, ఒక్క జల్లు చాలు, వారం కష్టం కరిగిపోవడానికి.

“కావలి ముఖం ఈ దావా వచ్చినాకనే చూసినామన్నా” అన్నది మాలకొండమ్మ ఒకనాడు కోర్టు వరండాలో. ఆమె ముప్పై ఏళ్లుగా ఉప్పు గీసిన మనిషి. అరికాళ్లు పగుళ్లు తేలి ఉన్నాయి. “ఈడ యేలిముద్ర యేసినామంట. యేలు మాదే, మాకే తెలవకుండా రైలెక్కి వచ్చిందేమో అడగన్నా.”

సమాధానం చేతిలోని సమన్లు సర్దుకున్నాడు. కక్షిదారులతో దావా మాటలు అమీనా మాట్లాడకూడదు.

కంపెనీ కావలినే ఎందుకు ఎంచుకున్నదో అతనికి కొంత తెలుసు. మునసబు గారు చెడ్డవారు కారు. కలం పట్టుకుని తప్పు చేసే రకం అసలే కాదు. అయితే వారి ఇంటి బావి నీళ్లు ఉప్పగా ఉండేవి. కంపెనీ ఏజెంటు పద్మనాభయ్య ఆ సంగతి కనిపెట్టి, రోజూ లారీలో రెండు పీపాల మంచినీళ్లు దింపించేవాడు. నీళ్లే గదా అని మునసబు గారు అనుకున్నారు. వారింట మిగిలిన నీటిని బంట్రోతులు బిందెలతో పట్టుకుపోయేవారు. అందులో ఒక బిందె సమాధానం ఇంటికీ చేరేది.

కొటార్ల జనం తరఫు వకీలు కామాక్షయ్య గారు, ఈ దావా వినే అధికారం కావలి కోర్టుకు లేదని అర్జీ పెట్టారు. దాని నోటీసును కంపెనీ వకీలుకు గాక, దావాలో చూపిన శాఖ కార్యాలయానికే పంపాలని పట్టుబట్టారు. నోటీసు సమాధానం చేతికి వచ్చింది.

ఆ కార్యాలయం రైలుస్టేషను వెనుక, గంగులయ్య అనే గానుగవాడి ఇంటి పక్క గది. పైన నీలం రంగు బోర్డు, కింద తాళం. కిటికీలో నుంచి చూస్తే మూటలు కనిపించాయి.

“తాళంచెవి నా మొలనే ఉందిలే” అన్నాడు గంగులయ్య. “లోపల నా తెలకపిండి. బోర్డు తగిలించుకుంటామన్నారు, తగిలించుకోమన్నా. శివరాత్రికి ముందు.”

“ఏ శివరాత్రి?”

“మొన్న పోయిందే, అది.”

సమాధానం అడిగినవీ విన్నవీ కాగితం మీద పెట్టుకుంటుండగానే పద్మనాభయ్య జట్కా దిగాడు.

“ఇట్టా తే సమాధానం, నేను తీసుకుంటా. శాఖ కార్యాలయంలో ఏజెంటుకు ముట్టినదని రాయి. అబద్ధం కాదు గదా, నేనుండానా లేదా?”

“ఉండారయ్యా.”

“ఇది ఆఫీసు అవునా కాదా? బోర్డు చదువుకో.”

“బోర్డు చదివినానయ్యా. గది గూడా చదివినా.”

పద్మనాభయ్య నవ్వు చెరగలేదు. “పింఛనుకు రెండేళ్లే ఉందంట గదా నీకు. ఈ వయసులో ఊరుగాని ఊరికి తోలితే నీ పెళ్లాం మగ్దలీనమ్మ కష్టపడతాది, చూసుకో” అని నోటీసు అందుకుని సంతకం పెట్టి వెళ్లాడు.

సాయంత్రం ఇంట్లో సమాధానం కలం పట్టి కూర్చున్నాడు గాని చెయ్యి సాగలేదు. ఒక్క మాట రాస్తే ఉద్యోగం కుదురుగా ముగుస్తుంది. చూసిందంతా రాస్తే, రెండేళ్ల నాడు అక్కడ ఆఫీసే లేదని తేలి, నలభై కుటుంబాలకు ఒక దారి దొరకవచ్చు. సంగతి విన్న భార్య మగ్దలీనమ్మ బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది.

“ఊరందరి తలుపులూ రాస్తావే. మన గడపలో ఉండే బిందె సంగతి రాస్తావా?”

“షరాలో దానికి చోటు లేదు మే.”

“చోటు లేకపోతే నోరుంది గదా. అడిగితే చెప్పు. రేపట్నించి నేను చెరువుకు పోతా.”

అతడు రాశాడు: ‘కంపెనీ ఏజెంటు పద్మనాభయ్య గారు జట్కాలో వచ్చి, వీధిలో నిలబడి నోటీసు పుచ్చుకున్నారు. గదికి తాళం వేసియున్నది. తాళంచెవి ఇంటి యజమాని గంగులయ్య వద్ద నున్నది. లోపల నతని తెలకపిండి మూటలు తప్ప బల్లగాని, కుర్చీగాని, కాగితముగాని నాకు కనబడలేదు. బోర్డును ఈ సంవత్సరము శివరాత్రికి ముందు కంపెనీవారు తగిలించిరని గంగులయ్య చెప్పి, ఈ క్రింద సాక్షి సంతకము చేసినాడు.’

మర్నాడు పొద్దున్నే దాన్ని గంగులయ్యకు చదివి వినిపించి, కింద సంతకం చేయించి కోర్టులో ఇచ్చాడు. మునసబు గారు అతణ్ని తమ గదిలోకి పిలిపించారు. షరా బల్ల మీద ఉన్నది.

“గంగులయ్య నీతో చెప్పినదే రాశావా?”

“ఒక్క మాట కలపలేదండయ్యా.”

వారు కాగితాన్ని మరొకసారి చదివారు. “నీవు చూసినదంతా ఇందులో ఉన్నదా, సమాధానం?”

“ఆ గది కాడ చూసిందంతా ఉండాదయ్యా. తమ ఇంటికాడ ఆ కంపెనీ లారీని గూడా చూస్తా ఉండా. ఆ నీళ్లు నేనూ తాగినా. నిన్నటితో మానుకున్నామయ్యా.”

మునసబు గారి ముఖం ఎర్రబడి, తరువాత పాలిపోయింది. ఆయన కోప్పడలేదు. “వెళ్లు” అన్నారు, అంతే. ఆ వారంలోనే జిల్లా జడ్జీకి ఆయన స్వహస్తంతో ఒక ఉత్తరం రాశారు. కంపెనీ వల్ల తాను ఉపకారం పొందినందున ఈ దావాలో ఏ ఉత్తర్వూ ఇవ్వడం తనకు తగదన్నారు. షరాను దానికి జతపరిచారు. నెల తిరిగేసరికి దావా గూడూరుకు బదిలీ అయింది.

కంపెనీ ఊరుకోలేదు. అమీనా తన పరిధి దాటి విచారణ చేశాడని పైకి ఫిర్యాదు వెళ్లింది. సమాధానాన్ని ఆత్మకూరుకు తోలారు. అక్కడ మరో రెండేళ్లు మెట్ట దారుల్లో నడిచి అతడు ఉద్యోగం ముగించాడు. అక్కడి అధికారి ఒకరు, షరా ఒక్క పంక్తి మించరాదని అతనికి రాతమూలకంగా ఉత్తర్వు కూడా ఇచ్చారట. ఆ ఉత్తర్వు తనకు ముట్టిన తేదీ, ఇచ్చిన గుమాస్తా పేరు దాని వెనుక రాసి దాచుకున్నాడు గాని, పాటించాడో లేదో ఎవరూ చెప్పరు.

1963లో బంధువుల ఇంటికి గూడూరు వెళ్లినప్పుడు, అతడు కాళ్లే లాక్కుపోయినట్టు అక్కడి కోర్టుకు పోయాడు. వరండాలో మాలకొండమ్మ కూర్చుని ఉన్నది.

“తీర్పు రాలేదా అక్కా?”

“యాడన్నా. మూడో మునసబు వచ్చినాడు. ఎటు చెప్తాడో మరి.” ఆమె కొంగుతో అతనికి చోటు తుడిచింది. “తెల్లారకముందే ఉప్పు గీసి, గట్టున పోసి వచ్చినా. పొద్దుగూకేలోపల పోయి మడికి నీళ్లు పెట్టుకోవాల.”

లోపలి నుంచి బంట్రోతు ఆమె పేరు పిలిచాడు. చీరకు అంటిన ఉప్పు దులుపుకుని ఆమె లేచింది. ఆమె తిరిగి వచ్చే దాకా సమాధానం అక్కడే కూర్చున్నాడు.