అత్త కన్ను, బండి గాలి

వెంకటరమణ సంతకు తోలే ముందు గొర్రెలకు ఉప్పు కలిపిన తవుడునీళ్లు తాపుతాడు. పొట్టలు బిగుసుకుంటాయి. కొనేవాడి కళ్లు నిండుతాయి. నిండుగా ఉన్నదే మంచిదని అతని నమ్మకం. పికప్ బండి టైర్లకూ అదే లెక్క. డప్పులా మోగేదాకా గాలి కొట్టిస్తాడు. ఖాళీ బండి పులివెందుల రోడ్డు మీద మేకపిల్లలా ఎగురుతుంది.

అత్త చిన్నసుబ్బమ్మ ఆ బండి ఎక్కదు. ఈసారి తప్పలేదు. ప్రొద్దుటూరులో ఆమె కంటికి ఆపరేషన్ అయింది. మళ్లీ చూపించుకోవాలి. కుదుపులు తగలకూడదని డాక్టరు చెప్పాడు. బస్సయితే రెండు చోట్ల మారాలి.

"మాయమ్మ కంటికి ఏమన్నా అయితే నీకు ఈ ఇంట్లో సంగటి పుట్టదు" అంది భార్య నాగలత.

అందుకే వెంకటరమణ దారిలో పులివెందులలో ఆగాడు. వెనక టైర్లు రెండూ అరిగిపోయాయి. సలీం షాపులో ఒక మూల రెండు పాత టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గాట్లు లోతుగా ఉన్నాయి.

"ఇవి చాలు సలీమూ, చౌక."

"వద్దు మామా. ఎవరో రంగు పూసి అంటగట్టి పోయినారు. పారేద్దామని పెట్టినా."

"పారేసేది నాకియ్యి."

అత్త ఒక కంటికి పట్టీతో బండిలోంచి తల బయట పెట్టింది.

"అల్లుడా, అది గొర్రె అయితే కొంటావా?"

వెంకటరమణ చెయ్యి ఆగింది. వంగాడు. గాట్ల మధ్య గోరు పెట్టి లాగాడు. సన్నని పగుళ్లు. పక్కన నొక్కాడు. రాయిలా గట్టిపడింది.

"దీని వయసెంత?"

టైరు మీద అచ్చేసిన నాలుగంకెలు చూపించాడు సలీం. "మొదటి రెండంకెలూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. తొమ్మిదేండ్లు."

"థూ, ముసల్ది. దీన్ని నేను కూడా అమ్మలేను."

బండి బరువుకు తగిన కొత్తవి, రెండూ ఒకే రకం, వేయించాడు.

"ఇంగ గాలి టైటుగా కొట్టప్పా."

"ఎంత కొట్టాల్నో బండే చెప్తాది మామా. డోరు పక్కన స్టిక్కరు చూడు."

అక్కడ నాలుక చాచిన దిష్టిబొమ్మ ఉంది. అంటించింది వెంకటరమణే. గోకితే కింద అంకెలు బయటపడ్డాయి. బరువుంటే ఒకటి, ఖాళీ అయితే ఒకటి.

"అవ్వ ఒక్కతే కదా, ఖాళీ లెక్కే" అన్నాడు సలీం.

"నేను మనిషిని కానా?" అంది అత్త.

"నీ మాటలే బరువు అవ్వా. అది టైరుకు తెలీదు. మొదట టైర్లు చల్లారనీ. వేడి మీద కొలిస్తే గేజి అబద్ధం చెప్తాది."

టీ తాగారు. టైర్లు చల్లారాయి. సలీం స్టిక్కరు లెక్కకు గాలి తగ్గించాడు. ముద్దనూరు దాటేసరికి అత్త నిద్రపోయింది.

ప్రొద్దుటూరులో డాక్టరు పట్టీ విప్పి, కన్ను బాగుందన్నాడు. ఆ పూట నాగలత సంగటిలో నెయ్యి ఎక్కువే వేసింది.

తర్వాతి సంత రోజు పొద్దున్నే వెంకటరమణ తవుడు బకెట్ పట్టుకుని దొడ్లోకి వెళ్లాడు. చిన్నసుబ్బమ్మ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది, రెండు కళ్లూ తెరుచుకుని.

"ఏం కొడ్తాండావు అల్లుడా, గాలా?"

"దప్పిక అయితాందేమోనని..."

"వీటికి స్టిక్కరు యాడుంది?"

అతను బకెట్ కింద పెట్టాడు. ముద్దనూరు దారిలో అత్త కన్ను కోసం తాను తప్పించిన గుంతలన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. నిండు పొట్టల గొర్రెల కోసం ఏనాడూ ఒక్క గుంతా తప్పించింది లేదు.