రెండో గొట్టం

ఒక్కడినే తాగితే వ్యసనమనిపిస్తుందని, హయత్‌నగర్‌లో రెండు గొట్టాలున్న హుక్కా కొన్నాను. ఒకరు పీలుస్తున్నంతసేపు రెండో గొట్టం కొసను బొటనవేలితో మూసి ఉంచాలి. లేకపోతే వట్టి గాలే వస్తుంది.

ఇబ్రహీంపట్నంలో మా మేడ మీద, ఆదివారం సాయంత్రాలు, ఆ కొస మూయడానికి మా తమ్ముణ్ణి కూర్చోబెట్టేవాణ్ణి. వాడికి బీడీ వాసన కూడా పడదు.

"ఊకె పట్టుకొని కూసునుడేనా అన్నా? నేనేమన్న బిరడానా?" అన్నాడొకసారి.

"అయితె ఒక్క దమ్ము గుంజు. నీళ్లలకెల్లి వస్తది, గొంతు మండది."

నిజంగానే మండలేదు. మండి ఉంటే ఆ రోజే వదిలేసేవాడు. చల్లబడిన పొగను ఛాతీ నిండా పీల్చాడు. కొన్నాళ్లకు నేను లేకపోయినా, రెండో కొస తనే మూసుకుని పీలుస్తూ కూర్చునేవాడు.

నిరుడు వాడు మెట్లెక్కలేక ఆయాసపడుతుంటే దవాఖానకు తీసుకెళ్లాను. ఎలా అలవాటైందని డాక్టర్ అడిగాడు.

"దోస్తులతోని సార్," అన్నాడు తమ్ముడు, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చాక, నేర్పింది నేనేనని, డాక్టర్ దగ్గర ఆ మాట ఒప్పుకోలేదని వాడి భార్యతో చెప్పాను.

"నాకెర్కే బావా," అంది. "గా మాట ఆడనే, మీ తమ్ముని ముంగట చెప్పేదుండె."