గోడౌను ముడి వేసిన టీవీ పెట్టె

మా అల్లుడు ఈ మధ్య ఆఫీసు నుంచి రావడమే తరవాయి, బూట్లైనా విప్పకుండా ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటున్నాడు. కారు వెనక తగిలించుకుని పోయే బండి ఒకటి, లోపల మంచాలూ పొయ్యీ అన్నీ ఉన్నది, ఈ చలికాలం సెలవులకి అద్దెకి మాట్లాడారు, అందులో పురూలియా కొండలకి పోదామని. బండి కుదిరింది కానీ బండిలోకి టీవీ కుదరలేదు. గోడకి బిగించే టీవీ మంచిదా, మడిచి పెట్టుకునే తెరా ప్రొజెక్టరూ మంచివా, కరెంటు లేని చోట ఏ బ్యాటరీ ఎంతసేపు లాగుతుంది, కొండల్లో సిగ్నలు లేకపోతే సినిమాలు ముందే దింపుకోవాలా అని మా అమ్మాయీ అతనూ కలకత్తా న్యూ టౌన్‌లోని ఈ ఫ్లాటు హాల్లో కూర్చుని పెళ్ళి సంబంధం చూసినంత తర్జనభర్జన పడుతున్నారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ అనుమానమే. కొండలు చూడ్డానికి పోయేవాళ్ళకి సినిమా ఎందుకండీ? నా మోకాళ్ళు కొండలెక్కవు కాబట్టి నన్ను ఆ తెర ముందు కూలేసి వాళ్ళు షికారు పోదామని ఎత్తు కాకపోతే! ఆ మాటే పైకి అంటే మా అమ్మాయి, నీకు ప్రతిదానికీ అనుమానమేనమ్మా అని విసుక్కుంది. నిజమే, అది మా నాన్నగారు నాకిచ్చిన ఆస్తి.

మా నాన్నగారు ఖిదిర్‌పూర్ డాకులో, అంటే కలకత్తా ఓడరేవులో, గోడౌను బాబు, మన భాషలో గుమాస్తా. ఆయనకి ముందు మా తాతయ్య అదే గోడౌనులో అదే కుర్చీలో పనిచేసి రిటైరయ్యారు. ఓడల్లోంచి దిగిన పెట్టెల్ని చూసి చూసి, ఏ పెట్టె ఎక్కడ విప్పారో, ఏ మేకు పీకి మళ్ళీ కొట్టారో పసిగట్టడమే వాళ్ళిద్దరి వృత్తి, అది ఇంటికి కూడా వచ్చేసింది. పాలవాడు పాలు పోస్తుంటే నాన్న పాలకేసి చూసేవారు కాదు, వాడి మొహంకేసి చూసేవారు. చేపలమ్మే ఆవిడ బేరానికి తొందరగా ఒప్పుకుంటే చేప నిన్నటిదని లెక్క. మా పోర్టు క్వార్టర్సులో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళందరూ ఏం కొనాలన్నా మా నాన్నని వెంటబెట్టుకుని బజారుకి పోయేవారంటే ఆయన అనుమానానికి ఎంత పేరో మీరే ఊహించుకోండి.

మా బాబాయి దీనికి పూర్తిగా వ్యతిరేకం. డాకు వర్క్‌షాపులో ఫిట్టరు, నవ్వు మొహం, ఎవరేం చెప్పినా నమ్మేసే రకం. వెల్డింగు సామాను లాక్కెళ్ళే రెండు చక్రాల పాత ట్రాలీ ఒకటి వేలంలో పాడుకుని, దానికి రేకుల కప్పు వేసి, కిటికీలు కోసి, లోపల బల్లలు బిగించి, ఆకుపచ్చ రంగు వేసి ఇంటి ముందు నిలబెట్టాడు. ఏటా చలికాలంలో నాన్నకి తెలిసిన కాంట్రాక్టరు దగ్గర జీపూ డ్రైవరూ అడిగి తెచ్చి, దాని వెనక ఈ ట్రాలీ తగిలించి, కుటుంబమంతా దీఘా సముద్రానికి పోయేవాళ్ళం. ఇప్పుడు దానికి ఇంగ్లీషులో ఏదో సొగసైన పేరుంది, మేము బాబాయి బండి అనేవాళ్ళం. ఆడవాళ్ళూ పిల్లలూ లోపల బల్లల మీద, మగవాళ్ళు బయట టార్పాలిను కింద పడుకునేవారు.

అలాంటి ప్రయాణాల్లో ఒక ఏడాది, బండిలో తెలుగు సినిమా వేసుకోవాలని బాబాయికి బుద్ధి పుట్టింది. మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వీడియో క్యాసెట్లు వచ్చిన కొత్త అది. కలకత్తాలో తెలుగు సినిమా అంటే ఎప్పుడో ఒక ఆదివారం పొద్దుటాట, అంతే. ఖిదిర్‌పూర్‌లో ఫారిన్ సామాన్ల బజారుకి నాన్నా బాబాయీ నన్ను కూడా తీసుకెళ్ళారు. బాబాయికి పెద్ద కలరు టీవీ మీద మనసు, నాన్నకి దుకాణదారు మీద అనుమానం. ఆ బజారులో పైన రేడియో బొమ్మా లోపల ఇటుకలూ ఉన్న పెట్టెలు అమ్ముతారని ఊరంతా చెప్పుకునేవారు. కలరు టీవీ బ్యాటరీని మింగేస్తుందని నాన్న దాన్ని పక్కన పెట్టించి, జీపు బ్యాటరీ మీద నడిచే చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, దానికి జతగా క్యాసెట్లు ఆడించే మెషీను ఎంచారు. ఎంచాక అక్కడే ఆడించమన్నారు, వెనక మూత విప్పించి వాసన చూశారు, మళ్ళీ ఆడించమన్నారు. చివరికి దుకాణదారుని ముట్టుకోనివ్వకుండా తన చేత్తోనే పెట్టెలో సర్దుకుని, ఆ పెట్టెని దారంతా ఒళ్ళో పెట్టుకుని ట్రాములో ఇంటికి తెచ్చారు.

తాతయ్యకి సినిమా అంటే గిట్టదు. గిట్టదంటే మామూలుగా కాదు, సినిమాకి పోయేవాళ్ళ ఇంట మంచినీళ్ళు కూడా తాగనంత. అమ్మా పిన్నీ ఆదివారం ఆటకి పోయేటప్పుడు గుడికని చెప్పి పోయేవారు. నాయనమ్మ వాళ్ళని గుమ్మం దాకా సాగనంపి తలుపు వేసుకునేది, తిరిగొచ్చాక వంటింట్లో గొంతు తగ్గించి కథంతా చెప్పించుకునేది. ఆ నాయనమ్మ ముందటేడే పోయింది. టీవీ ఇంటికొచ్చిన రోజున నాన్న బాబాయికి ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూపిస్తుంటే తాతయ్య గోడవైపు తిరిగి పడుకుని, కొంప మునిగిపోయిందన్నట్టు పెద్దగా నిట్టూర్చారు.

దీఘాలో సరుగుడు తోట పక్కన బండి నిలబెట్టాం. సినిమా ఆఖరి రోజు సాయంత్రమే అని నాన్న తీర్మానం, ఎందుకంటే జీపు బ్యాటరీ ఒక్కటే ఆధారం, అది అయిపోతే అంతే సంగతులు. అందాకా ఎవరూ చెయ్యి పెట్టకుండా టీవీనీ మెషీనునీ ఒక చెక్క పెట్టెలో పెట్టి, పురికొసతో చుట్టి పైన గోడౌను ముడి వేశారు. ఆ ముడి చూడ్డానికి అన్ని ముళ్ళలాగే ఉంటుంది కానీ ఒకసారి విప్పితే తెలియనివాడు మళ్ళీ అలా వెయ్యలేడు. డాకులో పెట్టెలకి ఆ ముడే వేసేవారు.

రెండో రోజు మధ్యాహ్నం బజారుకి పోదామంటే జీపు కదల్లేదు. బ్యాటరీ చచ్చింది. ఇసకలో తోసి తోసి ఎలాగో నడిపించారు. నాన్న పోయి ముడి చూసుకున్నారు, వేసినది వేసినట్టే ఉంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే కథ, మళ్ళీ ముడి చెక్కుచెదరలేదు. ఇంక మా నాన్న కళ్ళు ఒక్కొక్కరి మీదా ఎలా తిరిగాయో నాకిప్పటికీ కనిపిస్తాయి. పొద్దున్న మేమంతా సముద్రంలోకి పోతాం. తాతయ్యకి ఇసక పడదు, బండిలో కూర్చుని పారాయణ చేసుకుంటారు. జీపు దగ్గర ఉండేది బెంగాలీ డ్రైవరు ఒక్కడే, అతన్ని మేము వాళ్ళ భాషలో దాదా, అంటే అన్నయ్య అనేవాళ్ళం. అతని దగ్గర ఒక ట్రాన్సిస్టరు ఉంది, దానికి జీపు నుంచి తీగ లాగి క్రికెట్టు వింటున్నాడు, అదీ నాన్న తేల్చినది. నాకూ అలాగే అనిపించింది, పిల్లలందరం అతని జోలికి పోవడం మానేశాం. ముందు రోజు దాకా మాకు గవ్వలు ఏరిపెట్టిన మనిషి ఇచ్చిన బిస్కెట్టుని కూడా మా చెల్లెలు పారేసింది.

ఆ సాయంత్రం నాన్న అతన్ని అందరి ముందూ నిలబెట్టారు. ట్రాన్సిస్టరు తెప్పించి, వెనక మూత తీసి చూసి, దాని సొంత బ్యాటరీలు దానికున్నా నమ్మలేదు. ఖిదిర్‌పూర్ చేరగానే కాంట్రాక్టరుతో చెప్తాననీ, ఇంక ఈ జీపు తోలే పని మరిచిపొమ్మనీ అన్నారు. దాదా షాలిమార్ గూడ్సు యార్డులో లారీ పని పోయి, నెలల తరబడి ఖాళీగా కూర్చుని, అప్పుడప్పుడే ఈ పనిలో కుదురుకున్నవాడు. ఆమి కిఛు కొరిని బాబు, నేనేమీ చెయ్యలేదు బాబూ అని ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ అన్నాడు. మా బాబాయి ఒక్కడే అతని పక్కన నిలబడి, పోన్లే అన్నయ్యా అంటున్నాడు, నాన్న వినిపించుకోవడం లేదు.

అప్పుడు తాతయ్య బండిలోంచి దిగారు. ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ చెక్క పెట్టెని గడప మీదికి లాగి, ముడి కొస పట్టుకుని ఒక్క లాగు లాగారు. అది విడిపోయింది. అందరం చూస్తుండగా ఆ పురికొసనే మళ్ళీ చుట్టి, వేళ్ళు కిందికి తిప్పి బిగించి వదిలారు. నాన్న వేసినట్టే ఉంది ముడి, పిసరు తేడా లేదు.

“ఈ ముడి నీకు నేర్పినది నేనేరా,” అన్నారు. “ఆ దాదానేటి అడుగుతావు? నన్నడుగు. పదిమందిలో అనుమానించడానికి మనిషి దొరికేడు గానీ ఇంట్లో మనిషి నీకు కనపడలేదా?”

తాతయ్య సముద్రం వైపు చూస్తూ, “మీ యమ్మ ఒకే ఒక్కసారి నోరు తెరిచి సినిమా చూపించమందిరా. నేను తిట్టేను. మరెప్పుడూ అడగలేదు. అందులో ఏటుంటాదో, అదేటి చూడాలనుకుందో అని చూసేను. దాదా పిల్లలకి గవ్వలేరడానికెళ్ళినప్పుడు తీగ తగిలించి, గొంతు తగ్గించేసి చూసేను, సగం అయింది,” అన్నారు. అని అక్కడే గడప మీద కూలబడిపోయారు. నేను మా తాతయ్యని ఏడవగా చూడడం అదే మొదలు, అదే ఆఖరు. మా పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

నాన్న దాదాకి క్షమాపణ చెప్పారా అంటే చెప్పలేదు, ఆయనకి ఆ మాటలు రావు. చొక్కా చేతులు పైకి మడుచుకుని జీపు వెనక్కి పోయి, ఆ రెండు రోజులూ పక్కన నిలబడి ఆరా తీసిన మనిషి మొట్టమొదట తనే భుజం పెట్టారు. అందరం తోశాం. ఇంజను అందుకున్నాక దాదా జీపుని తిప్పి బండి దగ్గరికి తెచ్చి, తీగ తనే తగిలించి, తాతయ్య వైపు తిరిగి, దాదూ, తాతగారూ, మిగతా సగం చూడండి, నేను ఇంజను ఆపను అన్నాడు. మేమందరం ఇసకలో కూర్చున్నాం. సినిమా అయ్యేదాకా అతను సీట్లో కూర్చుని పెడలు మీంచి కాలు తియ్యలేదు. పెట్రోలు తగలబడుతుంటే నాన్న ఒక్క మాట అనలేదు. ఆ ఇంజను రొదలో మాటలు సగం వినపడలేదు కానీ తాతయ్య ముందుకు వంగి, నాయనమ్మకి చెప్తున్నట్టు ఏదో గొణుక్కుంటూనే ఉన్నారు. ఆ తరవాత ఏ ఏడు దీఘా పోయినా తాతయ్యకి నచ్చిన క్యాసెట్టే బండెక్కేది, ఆ దాదాయే జీపు తోలేవాడు.

అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, ఎదుటివాడి మొహం చదవకుండా ఉండలేను. మొన్న శనివారం మా వాళ్ళు కొన్నవన్నీ వచ్చాయి. కొండకి పోయే ముందు ఒకసారి చూసుకుందామని సాయంత్రం హాల్లో దీపాలు తగ్గించి కూర్చున్నారు. ప్రొజెక్టరు లేదు, టీవీ లేదు, తలకొక చిన్న పలక, ట్యాబ్ అంటారే అది, తలకొక జత చెవుల్లో పెట్టుకునేవీ కొన్నారు. ఎవరి ఇష్టం వాళ్ళదట, గొడవే ఉండదట. అత్తమ్మా, మీరు మాతోనే కొండెక్కుతరు, డోలీ మాట్లాడిన, ఇది రాత్రికి మీకు అని అల్లుడు తెలుగు సినిమాలు నింపిన పలక నా చేతిలో పెట్టాడు. అతని మీద పడ్డ అనుమానానికి నాకే సిగ్గేసింది. అందరూ ఎవరిది వాళ్ళు పెట్టుకున్నారు, ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

కాసేపటికి నా పక్కన కూర్చున్న మనవరాలి చెంపల మీద నీళ్ళు కనిపించాయి. ఏం చూస్తోందో, అది సినిమాయో, ఎవరైనా పంపిన మాటో, నాకు తెలియదు. వాళ్ళమ్మ తనది చూసుకుంటూ నవ్వుకుంటోంది. మా రోజుల్లో బ్యాటరీ కొంచెం తగ్గితేనే ఎవరు, ఎందుకు అని ఇల్లంతా తవ్వేవాళ్ళం, తప్పో ఒప్పో మనిషి మనసులోది బయటికొచ్చేదాకా వదిలేవాళ్ళం కాదు. ఏమైందే తల్లీ అని అడిగాను. వినపడలేదు. మళ్ళీ అడిగాను. చెవుల్లోవి తియ్యకుండానే నాకేసి చూసి, ఏమీ లేదన్నట్టు నవ్వి, మళ్ళీ పలకలోకి తల వంచుకుంది.