మహమూదా ఆపా చెప్పిన ‘నేను’

పాపకు జలుబు. లవంగం పెనం మీద వేయించగానే ఆ ఘాటుకు మహమూదా ఆపా గుర్తొచ్చింది. ఆమె బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. నేను సిరిసిల్లలో డిగ్రీ చదివేటప్పుడు మా పక్కిల్లే. ఉర్దూ టీచరు. తెలుగు రాని ముద్దాయిలు వస్తే కోర్టు నుంచి ఆమెకు కబురొచ్చేది. వాళ్ల మాటను తెలుగులో చెప్పేటప్పుడు తానే ముద్దాయి అయినట్టు ‘నేను’ అనే చెప్పేది. “ఆపా, ఇయ్యాల ఏం దొంగతనం జేసినవ్?” అని బంట్రోతు ఏడిపిస్తే, “నీ సైకిలే. సూసుకో పో” అనేది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. రాస్తారోకోలో పోలీసులు పట్టుకెళ్లినవాళ్లలో సంజూ అనే అమ్మాయి ఉంది. మరమగ్గాల పనికి బీహారు నుంచి వచ్చిన కుటుంబం. చంటిబిడ్డను పక్కింట్లో వదిలి పాలపొడికి బయటికొచ్చిందట. ఊరుకాని ఊరు, జామీను నిలబడేవాళ్లు లేరు. బంద్ వల్ల కాలేజీ లేదని నేనూ ఆపా వెంట కోర్టుకు వెళ్లాను. తప్పు ఒప్పుకుంటే జరిమానాతో ఇంటికి పోవచ్చని వకీలు సంజూకు నచ్చజెప్పాడు. ఆపాతో కూడా, ఒప్పుకుంటున్నానని ఒక్క మాట చెబితే చాలన్నాడు.

మేజిస్ట్రేటు కోస్తా నుంచి కొత్తగా వచ్చారు, హిందీ అర్థం కాదు. తప్పు ఒప్పుకుంటావా అని అడిగారు. సంజూ ఏడుస్తూ చాలాసేపు మాట్లాడింది. ఆపా అంతా విని చెప్పింది.

“నేను రోడ్డు మీద కూసోలేదు. దుకాణంకు పోయిన. ఒప్పుకుంటే బిడ్డ దగ్గరికి పోనిస్తరంటే ఒప్పుకుంట.”

వకీలు తల పట్టుకున్నాడు. ఇది ఒప్పుకోవడం కాదన్నారు మేజిస్ట్రేటు. సొంత పూచీకత్తు మీద సంజూను వదిలి, కేసును వాయిదా వేశారు.

బయటికి రాగానే సంజూ ఆపా మీద విరుచుకుపడింది. ఇవాళే తెగిపోయేదాన్ని మెడకు చుట్టావని తిట్టింది. దారిలో నేనూ అడిగాను, ఒక్క మాటతో అయిపోయేది కదా అని.

“అయిపోతుండె బిడ్డ. గని గా పిల్ల చెప్పింది ఒక్క మాట కాదు గద.”

ఉద్యమం కోసం వకీళ్లు కోర్టులు బహిష్కరించడంతో కేసు సాగుతూ పోయింది. ప్రతి వాయిదాకూ సంజూ పని పోగొట్టుకుని వచ్చేది. ఆమె బోనులో నిలబడితే, ఆపా పక్కనే నిలబడి, ఆ పసిదాన్ని భుజాన వేసుకుని జోకొడుతూ చెప్పేది. చివరికి సంజూను రోడ్డు మీద చూశామని చెప్పే సాక్షి ఒక్కరూ రాలేదు, కేసు కొట్టేశారు. ఆపా భుజం మీద నిద్రపోతున్న బిడ్డను సంజూ వెంటనే తీసుకోలేదు.

ఆపా చేసింది సరైనదేనా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. నా పాప ఆకలితో ఉంటే నేనూ దేనికైనా తలూపుతాను. కానీ అలా తలూపే రోజు వస్తే, ఎందుకు ఊపుతున్నానో కూడా చెప్పే మనిషి ఒకరు నా పక్కన ఉండాలి.