ముత్తమ్మ నెత్తిన సీమ టోపీ

మొన్న హైదరాబాదులో బైకు కిరాయికి మాట్లాడుకుని, అది నడిపే కుర్రాడిచ్చిన హెల్మెట్ నెత్తిన పెట్టుకోగానే మళ్ళీ తీసేశాను. ఎవరెవరి చెమటో, ఎవరెవరి కొబ్బరినూనో ఊరి పులిసిన ఆ కంపు నాకు కొత్త కాదు. ఛీ, అచ్చం మా తాతయ్య టోపీ కంపే.

గోదావరి దిగువ నుంచి వలసొచ్చి దుమ్ముగూడెం దగ్గర మిరప, పొగాకు వేసిన కుటుంబం మాది. నా చిన్నప్పటికి దాదాపు నూరేళ్ళ ముందు కొండల్లో తిరుగుబాటు అణచడానికి తెల్లవాళ్ళ సైన్యం వచ్చినప్పుడు, తాతయ్యకు తాత వాళ్ళ సామాన్లకు బళ్ళు తోలాడట. మెచ్చుకుని ఒక తెల్ల సిపాయి ఇచ్చిపోయిన బెండు టోపీ అది. సీమ నుంచి ఓడలో వచ్చిందని తాతయ్య మురిసిపోయేవాడు. నాకు మాత్రం లోపల నల్లబడి జిగటగా మారిన తోలు పట్టీ, దాని మడతల్లో నల్లులు, ఎలుక పెంటికలే కనపడేవి.

డెబ్భైల్లో, ఎండలు ముదిరి అడవంతా ఇప్పపూల వాసన కమ్ముకునే రోజుల్లో, కళ్ళంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, వేయించిన ఇప్పపూలు దోసిట్లో పోసుకుని నములుతూ, చింతగింజలతో ఆడుకుంటూ మా పిల్లల పొద్దు గడిచేది. తాతయ్య తీర్పులు కూడా ఆ కళ్ళంలోనే. ఇంట్లో ఏది కనపడకపోయినా కూలివాళ్ళలో ఒకరు దొంగ అయ్యేవారు. పాలేరు కర్ర కొసకు టోపీ తగిలించి ఆ మనిషి నెత్తిన దించేవాడు. పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టి, మళ్ళీ కర్రతోనే తీసేవాడు. వాళ్ళు పెట్టుకున్నది చేత్తో ముట్టుకుంటే మైల అనేవాడు తాతయ్య.

ఒక ఏడు ఇత్తడి చెంబు పోయిందని, మిరపకాయలు కోసే కోయ ముత్తమ్మకు టోపీ పెట్టించాడు. నల్లులు నుదుటి మీదికి పాకినా ఆమె చెయ్యెత్తలేదు. సాయంత్రానికి చెంబు గొడ్ల కుడితి తొట్టి అడుగున దొరికింది. తాతయ్య ఆ ఊసెత్తకుండా టోపీ తీసి పంపెయ్యమన్నాడు. పాలేరు కర్ర చాపితే ముత్తమ్మ పక్కకు నెట్టేసింది.

"నీ చేత్తోటి తియ్యి దొరా. నేను దొంగను గాదని నీ నోటితోటి చెప్పు."

తాతయ్య చీదరించుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె టోపీతోనే గూడేనికి వెళ్ళింది, టోపీతోనే నీళ్ళు మోసింది, టోపీతోనే సంతలో కూర్చుని చింతపండు అమ్మింది. అడిగినవాళ్ళందరికీ ఎవరు పెట్టించారో, చెంబు ఎక్కడ దొరికిందో చెప్పింది. మా మిరపకాయలు కొనే షావుకార్లు ఆ కథ విని ముసిముసిగా నవ్వుతూ తాతయ్యను పలకరించేవారు. ఆ ఒక్క మాట అనేస్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా అని నాయనమ్మ దెప్పేది.

ఆఖరికి ఒక సంతనాడు, నన్ను వెంటబెట్టుకుని, తాతయ్య వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. రెండు వేళ్ళతో టోపీ ఎత్తి, ముత్తమ్మ దొంగ కాదని గొణిగాడు.

"అందరికి ఇనపడాలె," అంది ఆమె, చింతపండు ముద్ద చేస్తూనే.

గట్టిగా అన్నాడు. టోపీని అక్కడే దుమ్ములో పడేసి, ఇంటికి రాకుండా నేరుగా గోదావరికి నడిచాడు. మునిగి లేచి, చేతులు ఇసుకతో తోముకున్నాడు. మైల కదా, సరే అనుకున్నాను. ఆ తర్వాత పుక్కిట నీళ్ళు పట్టి, పుక్కిలించి, పుక్కిలించి ఉమ్మాడు. ముత్తమ్మ దొంగ కాదన్న నోరు కడుక్కుంటున్నాడు మా తాతయ్య. ఒడ్డున నిలబడ్డ నేను ఛీ అని మొహం తిప్పుకున్నాను.

ఇప్పుడా కళ్ళం లేదు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు కూలిపోయాయి, ఇప్పచెట్లు కొట్టేసి జామాయిలు తోటలు వేశారు. ముత్తమ్మ పోయిందని ఎప్పుడో విన్నాను. ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున మావాళ్ళు తాతయ్య ఫోటోకు దండేసి, ధర్మప్రభువు, ఆడిన మాట తప్పని మనిషని చెప్పుకుంటారు. విస్తరి ముందు కూర్చున్నానన్న మాటే గానీ నాకు ముద్ద దిగదు.