కొక్కేలుగా మారిన పాట

మొన్న ఆదివారం మా అమ్మాయి, చర్చిలో తెరమీద పాటలు చూపే ప్రోగ్రాములో కొత్త పాటొకటి చేరుస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఫోనులో నోటితో చెప్పిన తెలుగు నేరుగా కోడు మధ్యలోకి వచ్చి, ఒక్క ఒత్తు కూడా చెదరకుండా కుదురుకుంది. ఓరి దేవుడా, దీనికోసం మేం పడ్డ పాట్లు ఈ పిల్లకేం తెలుసు అనుకున్నాను. ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు కొట్టినవాళ్లు మీలో ఉంటే మీకే తెలుస్తుంది.

ఆ ప్రోగ్రాము మొదట రాసింది నేనే. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మా తెలుగు చర్చి సంఘం పిల్లలంతా మరాఠీ బళ్లలో చదివినవాళ్లు కావడంతో, తెలుగు పాటల్ని కూడా దేవనాగరి లిపిలో రాసుకుని పాడేవారు. తెర కొన్నప్పుడు ఆ కాగితాలకే ఫొటోలు తీసి ఎక్కించారు, సంఘపెద్దలు ఇక ఆ ఒక్క లిపి చాలన్నారు. సాస్తి బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మా నాన్నకు వచ్చిన చదువల్లా తెలుగే, చూపు తగ్గి పాటల పుస్తకం కంటికి ఆనడం లేదు, తెరమీద పెద్ద అక్షరాలు తప్ప ఆయనకు వేరే దారి లేదు. క్రిస్మస్ ఆరాధనలో తెలుగు కూడా చూపిస్తాను, చూశాకే తేల్చండని పంతం పట్టి ఈ ప్రోగ్రాము రాశాను.

తీరా ఆ పొద్దున ఎవరో శీర్షిక సరిచేద్దామని నా ఫైలు తెరిచి, ఇంగ్లీషు తప్ప మరో అక్షరం ఎరగని పాత పద్ధతిలో సేవ్ చేశారు. తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి నాన్న, "గివేంది కొడుకా, అన్నీ కొక్కేలే ఉన్నయ్?" అన్నాడు.

నేను మాత్రం బెదరలేదు. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. నేను పనిచేసే గని ఆఫీసులో ఏళ్లతరబడి ఈ గొడవే పడ్డవాణ్ని, తెలుగు సంఖ్యలన్నీ నాకు కంఠతా వచ్చు. ప్రసంగం సాగుతుండగానే పాటంతా అక్షరాల్లో కాకుండా ఆ సంఖ్యల్లోనే కోడులో రాసేశాను, అవి ఒట్టి అంకెలు గనక ఎవరు ఎలా సేవ్ చేసినా చెడవు, తెరమీద మాత్రం అక్షరాలుగానే కనిపిస్తాయి గదా! ప్రసంగం ముగిసేసరికి తెరమీద తెలుగు నిలిచింది, నాన్న లేచి గొంతెత్తి పాడాడు, వద్దన్న పెద్దలే ఆయన వెనక అందుకున్నారు. ఆ తర్వాత లిపి మాట ఎవరూ ఎత్తలేదు.

నాన్న పోయి చాలా కాలమైంది, ఆ సంఖ్యలతో ఇప్పుడు ఎవరికీ పనిలేదు. మొన్న ఆదివారం పాట చేర్చడం అయ్యాక మా అమ్మాయి లాప్‌టాప్ నావైపు తిప్పి, "నాన్నా, జర చదివి చెప్పు, సరిగ్గనే వచ్చిందా? నాకు చదువరాదు గద" అంది. ప్రాణం చివుక్కుమంది. ఏ కంప్యూటర్లోనూ చెడకుండా నేను కాపాడిన అక్షరాలను మా ఇంట్లో చదవగలిగేది ఇక నేనొక్కణ్నే. కళ్లజోడు సర్దుకుని, మొదటి వరస నుంచీ చదివి వినిపించాను.