బురుజు మీంచి పడ్డవాడు లేస్తాడా

మొన్న ఆదివారం మా అన్న కూతురు పట్నం నుంచి ముగ్గురు దోస్తులను వెంటబెట్టుకొని నారాయణఖేడ్ వచ్చి, నేను పొద్దున్నే తుడిచిపెట్టిన భోజనాల బల్ల మీద ఏవేవో కాగితాలు, ఇరవై ముఖాల రంగురంగుల పాచికలు పరుచుకొని ఆటకు కూర్చుంది. ఒకరు కథ చెబుతారట, మిగిలినవాళ్లు తలా ఒక వీరుడి వేషం పట్టి నేనిటు పోతాను, అటు కొడతాను అంటారట, అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుందట. నేను వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తూ అంతా వింటూనే ఉన్నాను. వాళ్లలో ఒకడు కోట బురుజు మీంచి దూకుతానన్నాడు, రూలు ప్రకారం పోయేది కొంత బలమే గనుక వెంటనే లేచి కొట్లాడతానన్నాడు. ఇంకొకతను అంత ఎత్తు నుంచి పడితే మనిషన్నవాడికి ఎముకలు మిగులుతాయా అని ఎదురు తిరిగాడు. ఆ మాటలు వింటూ నేను పెనం మీద రొట్టెను మాడబెట్టాను.

ఎందుకంటే ఆ జగడం నాకు కొత్తది కాదు. నా ఈడువాళ్లు నమ్మరు గానీ, నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ఖేడ్‌లో ఈ ఆట ఆడాను. పట్నంలో చదువుకుంటున్న మా అన్న ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల కుప్పలోంచి అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొనుక్కొని, యుద్ధాల చరిత్ర అనుకొని ఎండాకాలం సెలవులకు మోసుకొచ్చాడు. తీరా చూస్తే అది ఆట పుస్తకం, అందులోనూ సగం పేజీలు లేవు. ఇరవై ముఖాల పాచికలు మేమెక్కడ చూశాం, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసిన చీటీలు చెంబులో పోసి ఊపి తీసేవాళ్లం. నిప్పులు కక్కే జంతువు బొమ్మ ఉన్న పేజీ చిరిగిపోవడంతో అన్న దాన్ని అడవిపందిని చేశాడు, అది కంగ్టి వైపు నుంచి వచ్చి జొన్నచేలు తొక్కేది.

ఆట జరిగేది పక్కింటి చాచా వాళ్ల అరుగు మీద. చాచా మేస్త్రి. తన ఇంటి అరుగుకు షాబాదు బండలు తానే పరుచుకున్నాడు, గీత పెట్టి గీసినట్టు ఉండేవి, ఒక్కో బండ మాకు ఒక్కో గడి. కథ చెప్పేది అన్న, ఆడేది నేనూ, నా తరగతిలోనే చదివే చాచా కొడుకూ, వాడి చెల్లెలూ. అందరిలోకీ నోరు నాదే పెద్దది, ఇప్పుడు తగ్గిందని మా ఇంట్లో ఎవరూ అనరు.

రూళ్లలో సందులు వెతకడం మొదలుపెట్టింది కూడా నేనే. బోర్లా పడుకున్నవాడికి బాణం తగలడం కష్టమని ఒక పేజీలో ఉంది, పాకుతూ పోతే నడకలో సగం దూరం పోవచ్చని ఇంకో పేజీలో ఉంది. ఇంకేం, నా వీరుడు కథ మొదలైన దగ్గర్నుంచీ లేవనే లేదు, పొట్ట మీదే రాజ్యాలు గెలిచాడు. అన్న రెండు రోజులు ఓపిక పట్టి, మూడోరోజు మిట్టమధ్యాహ్నం, గీ అరుగు గా కొసదాక పాకి సూపియ్, అప్పుడు రాసుకుంటా అన్నాడు. పౌరుషానికి పోయి పాకాను. సగం దూరంలోనే మోచేతులు దోక్కుపోయి, కాలే బండ మీద కడుపు పెట్టలేక లేచి నిలబడ్డాను. ఆరోజు నుంచి నేను మారిపోయాను, కొత్తగా కల్లు మానేసినవాడిలా ఎవరు ఏ రూలు అడ్డం పెట్టినా నిజంగా అట్లయితదా అని మీద పడేదాన్ని.

చాచా సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అంతకు అయిదారు నెలల ముందు, పట్నంలో కడుతున్న బిల్డింగు పరంజా మీంచి జారి రెండంతస్తులు కిందపడ్డాడు. దవాఖానలో చాలారోజులు ఉంచి, రోజూ పట్టుకొని నిలబెట్టండి, లేకుంటే కాళ్లు చచ్చుబడిపోతాయి అని చెప్పి పంపారు. ఆయన ఎవరినీ పట్టుకోనివ్వలేదు. ఒంటిచేత్తో బండలెత్తినవాణ్ని, నన్ను ఇంకొకరు ఎత్తుడేంది అని మొండికేసి అరుగు మీది నులకమంచంలో గోడకేసి తిరిగి పడుకునేవాడు. చాచీ చెప్పీ చెప్పీ అలసిపోయింది. ఆయన పక్కనే మా ఆట, మా గోల.

ఒకరోజు కథలో దొంగలు కోట మెట్లు మూసేశారు. చాచా కొడుకు తన సిపాయి బురుజు మీంచి దూకుతాడన్నాడు. అన్న పుస్తకం తిరగేశాడు. నిజమే, పడితే మహా అయితే బలంలో పన్నెండు పోతాయి, వాడి దగ్గర ముప్పై ఉన్నాయి, ఒక రాత్రి నిద్రపోతే పోయినవి కూడా తిరిగొస్తాయి. అన్న నసిగాడు, నేను ఊరుకోలేదు. గంత ఎత్తుమీదికెళ్లి పడ్డోడు లేసుడేంది అన్నాను. బుక్కుల ఉన్నది గద, లేస్తడు అన్నాడు వాడు. మామూలుగా నవ్వుతూ వాదించేవాడు ఆరోజు నవ్వలేదు, పిడికిళ్లు బిగించుకొని లేస్తడు, రాసున్నది, లేస్తడు అని అదే మాట అంటున్నాడు. నాకు గెలవాలని తప్ప వేరే ధ్యాస లేదు.

“మీ అబ్బానే లేస్తలేడు, నీ సిపాయి ఎట్ల లేస్తడు?”

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. అన్న చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది. చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. మంచం కిర్రుమంది, చాచా మెల్లగా మావైపు తిరిగాడు. నన్ను కొట్టడానికే తిరిగాడనుకున్నాను, కొడితే బాగుండనే అనుకున్నాను కూడా.

ఆయన మాత్రం బురుజు ఎంత ఎత్తు అని అన్నను అడిగాడు. కింద మన్నా, బండా అనీ అడిగాడు. అన్న బండే అన్నాడు. చాచా కాసేపు లెక్క కట్టినట్టు కళ్లు మూసుకొని, “పడ్డోన్ని నేను, నన్నడుగుర్రి. ఒక్కడే ఐతే లేవడు బేటా. ఇద్దరు చెరో రెక్క పట్టాలె, ఒకరు నడుముకు ఆసరుండాలె, అప్పుడు లేస్తడు,” అన్నాడు. అన్న పెన్సిలుతో ఆ మాటలను పుస్తకం అంచున రాసుకున్నాడు.

జగడం అక్కడితో తీరిపోవాలి. కానీ చాచా కొడుకు రూళ్లు పట్టుకుంటే వదిలే రకం కాదు. లేచి మంచం దగ్గరికి పోయి, “నువ్వే అంటివి గద అబ్బా. ముగ్గురం ఉన్నం. లే,” అన్నాడు. చాచా కొడుకును చూశాడు, మమ్మల్ని చూశాడు. చెప్పిన మాట తనదే, కాదనలేడు. చివరికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియని మొహంతో చేయి చాచాడు.

కుడి రెక్క వాడు పట్టాడు, నడుము అన్న పట్టాడు, ఎడమ రెక్క నేను పట్టాను. మందు నూనె వాసన వేస్తున్న ఆ చేయి అంత తేలికగా ఉంటుందనుకోలేదు. చెల్లెలు ఏడుపు ఆపి ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. పదకొండు దాకా నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి, తాను పరిచిన బండల మీద తన కాళ్లనే చూసుకుంటున్నాడు. చాచీ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత సెలవులన్నాళ్లూ ఆటకు ముందు ఆయన్ను లేపడమే మా మొదటి పని, రోజుకో అంకె పెరిగేది.

చాచా మళ్లీ పరంజా ఎక్కలేదు. కర్ర పట్టుకొని నడిచాడు, కూర్చొని చేసే పనులు చేశాడు, ఖేడ్‌లో ఎన్నో ఇళ్లకు బండలు పరిచాడు. ఆ పుస్తకం చెదలు తినేసింది, అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. మొన్న మా ఇంట్లో పిల్లల జగడం రెండు నిమిషాల్లో తీరిపోయింది, ఒకమ్మాయి ఫోను తీసి చూసి జవాబు చెప్పేసింది, ఆట ముందుకు సాగింది. మాకు ఆ సౌకర్యం లేదు, తెలిసినవాళ్లను అడిగేవాళ్లం, వాళ్లకు తెలిసింది ఎట్లా తెలిసిందో కళ్లముందే కనబడేది.

చాచా పోయి చాలా ఏళ్లయింది. నా పెళ్లికి మా ఇంటి ముందు గచ్చు ఆయనే చేశాడు, కర్ర పక్కన పెట్టుకొని, ఎండలో రెండు రోజులు కూర్చొని, వద్దన్నా వినకుండా. నేను చాయ్ తీసుకుపోయి ఇచ్చినప్పుడల్లా ఇప్పుడు చెప్పేద్దామా అనుకునేదాన్ని, ఆయనేమో నాకు కాబోయే అత్తగారింటి సంగతులు అడిగేవాడు. ఆనాటి మాటకు ఆయన నన్ను ఏనాడూ ఏమీ అనలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే, తప్పయింది చాచా అని నేనూ అనేదాన్ని.